కాన్పుకొక పన్ను

మా అత్తమ్మ నోట్లో నాలుగు ఖాళీలున్నాయి. నాలుగింటికీ సొంతదారులున్నారు. పై వరసలో ఎడమపక్క ఖాళీ మా పెద్ద బావగారిది, దాని పక్కది మా ఆడబిడ్డది. కింద కుడివైపు ఉన్నది రెండో బావగారిది, ఆ వెనకాల దవడ పన్ను ఉండాల్సిన చోటు మా ఆయనది. కడుపులో పిల్ల ఎముకలు కట్టుకోవడానికి తల్లి పళ్లు తింటుందనీ, కాన్పుకొక పన్ను పోవడం ఆడపుట్టుకలోనే రాసిపెట్టి ఉందనీ ఆమె నమ్మకం. ఉత్త నమ్మకమైతే నాకు అభ్యంతరం లేదు, నాకూ అలాంటివి కొన్ని ఉన్నాయి. కానీ ఆమె దాన్ని లాఠీలా వాడేది. కొడుకుల్లో ఎవరు ఎదురు మాట్లాడినా నోరు బార్లా తెరిచి, వేలు లోపలికి పెట్టి, ఎవరి ఖాళీ వాళ్లకు చూపించేది. యాభైకి దగ్గరపడిన మా పెద్ద బావగారు మిర్యాలగూడలో రైసుమిల్లు గుమాస్తా. లారీ డ్రైవర్ల మీద కేకలేస్తే మిల్లు చప్పుడును మించి వినపడుతుంది ఆయన గొంతు. అంతటి మనిషీ తల్లి నోట్లోకి ఒక్కసారి చూసి, తల వంచుకుని, ఆమె చెప్పిన పని మీద వెళ్లిపోయేవాడు.

పెళ్లయిన కొత్తలో ఈ తంతు మొదటిసారి చూసి నేను వంటింట్లోకి పోయి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. నవ్విన పళ్ళకే ఎసరు వస్తుందని అప్పుడు తెలియదు.

నేను బస్సు కండక్టర్ని. సూర్యాపేటలో రెండు గదుల కిరాయి ఇంట్లో నేనూ మా ఆయనా ఉంటాం. ఆయనకు అక్కడే సెల్‌ఫోన్లు బాగుచేసే షాపుంది. అత్తమ్మ మిర్యాలగూడలో, మా అమ్మ కోదాడలో. నా డ్యూటీ కూడా ఎక్కువగా ఈ మూడు ఊళ్ల మధ్యే. పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ సొంత రూటు మీదే పడటం అనే శిక్ష మా డిపోలో ఇంకెవరికీ లేదు. ఆడవాళ్లకు టికెట్ లేని ప్రయాణం వచ్చాక మా బస్సు పేరంటంలా తయారైంది. ఎక్కడ ఏ ఇంట్లో ఏం జరిగినా నా మిషన్ కంటే ముందు వాళ్లు టికెట్ కొడతారు. అలాంటి బస్సులో కండక్టరు నెల తప్పితే దాచడం ఎవరి తరమూ కాదు. మా ఆయనకు చెప్పడానికి ఒకరోజు ఆగాను. ఆ లోపలే మునగాల దగ్గర ఎక్కిన ఒకావిడ నా ముఖం చూసి, ఎన్నో నెలమ్మా అని అడిగేసింది.

మూడో నెలలో వేవిళ్లు పట్టుకున్నాయి. హైవే మీద బస్సు ఆపించి, రోడ్డు పక్కన వంగుని, లేచి మళ్లీ ఎక్కి టికెట్లు కొట్టడం. వాంతి చేసుకున్న నోరు ఎంగిలి నోరని, పళ్లు తోమకుండా ఏ వస్తువూ ముట్టకూడదని మా అమ్మ ఫోన్‌లో ఆజ్ఞ వేసింది. అందుకని డబ్బుల సంచిలో చిల్లరతో పాటు ఒక బ్రష్షు పెట్టుకుని తిరిగాను. బస్సు ఆగిన ప్రతి బస్టాండులో కుళాయి దగ్గర నిలబడి, గిన్నె అడుగు గీకినట్టు గీకేదాన్ని. నా కోపం ఎవరి మీదున్నా పళ్ల మీదే చూపించేదాన్ని. కోదాడ బస్టాండులో అయితే నేను తోముకోవడం చూడటానికి జనం ఆగేవాళ్లు.

ఐదో నెలలో చిగుళ్ల నుంచి రక్తం మొదలైంది. ఉమ్మితే ఎరుపు, జామకాయ కొరికితే ఎరుపు. విషయం మిర్యాలగూడ చేరింది. అత్తమ్మ మరుసటి బస్సుకే దిగింది, చేతిలో స్టీలు డబ్బా. గుమ్మంలోనే నా పెదవి కిందికి లాగి చూసి రోగం తేల్చేసింది.

"వేడి జేసింది పిల్లా. ఇగ బ్రష్షు ముట్టకు. బ్రష్షు పెట్టి గీకితె రక్తం రాక పాలొస్తయా?"

డబ్బా నిండా కలకండ. కోదాడ వాళ్లు పటికబెల్లం అనేది అదే. రక్తం రావడం వేడి వల్ల, వేడికి మందు చలవ, చలవంటే కలకండ. ఒక పలుకు దవడకు పెట్టుకుని కరిగేదాకా ఉంచుకోవాలి, కరగగానే ఇంకొకటి. దాంతో వాంతులూ ఆగుతాయట, బిడ్డకూ చల్లదనమట. పైగా కారే రక్తం బిడ్డది కాబట్టి వృథా చేయకూడదు, అందుకని పళ్లు తోమడం బందు. వేలితో రుద్ది నాలుగు నీళ్లు పుక్కిలిస్తే చాలు. నాకు ఈ వైద్యం నచ్చిందనే చెప్పాలి. తీపి నోట్లో ఉంటే కడుపులో తిప్పడం నిజంగానే తగ్గింది. తోమే పని తప్పింది. బస్సులో కుడి దవడకు కలకండ పెట్టుకుని టికెట్లు కొడుతుంటే, రైట్ రైట్ అనే మాట కూడా తియ్యగానే వచ్చేది. మా అమ్మ తనేం తక్కువ తిన్నదా అని, నేను కోదాడ బస్టాండులో ఆగిన ప్రతిసారీ చలిమిడి ముద్ద తెచ్చి కిటికీలోంచి అందించేది. కడుపు చలవట అది. మా పెళ్లినాటి నుంచి ఒక్క మాట మీద నిలబడని ఈ వియ్యపురాళ్లిద్దరూ నా నోట్లో తీపి కుక్కే విషయంలో మాత్రం ఒక్కటైపోయారు.

ఆరో నెలలో ఆ కుడి దవడ పన్నే లేచింది. మొదట చల్లనీళ్లకు జివ్వుమంది. తర్వాత వేడి టీకి. ఆ తర్వాత దేనికీ కారణం అక్కర్లేకపోయింది. చెవి దాకా, కణత దాకా ఒకటే పోటు. నా పని అంతా నోటితో. లోపలికి జరగండి, ఫుట్‌బోర్డు మీద నిలబడకండి, ఆధార్ కార్డు చూపించండి, ఇవన్నీ నోరు తెరవకుండా చెప్పాలంటే ఎలా? చేత్తో సైగలు చేస్తే, పాపం కండక్టరమ్మకు మూగనోము అనుకున్నారు కొందరు. విషయం తెలిశాక బస్సంతా దవాఖాన అయిపోయింది. లవంగం పెట్టమని ఒకరు, ఇంగువ పెట్టమని ఒకరు. తిరుమలగిరి నుంచి పత్తి ఏరి వస్తున్న ఒక పెద్దావిడ నా గడ్డం పట్టుకుని రహస్యంగా చెప్పింది.

"జిల్లేడు పాలు రెండు సుక్కలెయ్యి. పన్ను దానంతటదే రాలిపడతది."

హాలియా ఆవిడ ఇంకొకరు, చెంబులో పొగ పట్టి పంటి పురుగు రాల్చే మనిషి తమ ఊళ్లో ఉన్నాడనీ, తీసిన పురుగును చేతిలో పెట్టి చూపిస్తాడనీ చెప్పింది. పళ్ల డాక్టరు దగ్గరికి పోతే ఎలా ఉంటుందని నేను కాగితం మీద రాసి చూపిస్తే బస్సు బస్సంతా ఉలిక్కిపడింది. కడుపుతో ఉన్నదానికి సూదేస్తారా, పన్ను పీకితే ఆ అదురు బిడ్డకు తగలదా? జిల్లేడు పాలకు అదరని బిడ్డ డాక్టరు సూదికి ఎందుకదురుతుందో ఎవరూ చెప్పలేదు.

ఇంట్లోనూ ఇదే తీర్పు. అత్తమ్మ వచ్చి మాతోనే మకాం పెట్టింది. నీళ్లాడిందాకా, అంటే కాన్పయ్యేదాకా, పంటి జోలికి పోయేది లేదంది. ఈ పన్ను పోయేదేననీ, అది ఈ బిడ్డ వంతనీ, ఊరికే దవాఖానల చుట్టూ తిరిగి వంతు తప్పించుకోలేమనీ ఆమె లెక్క. మా ఆయన మెత్తని మనిషి. నేను రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చుంటే ఆయనా కూర్చునేవాడు. పొద్దున్నే లేచి, ఇవాళ డాక్టరు దగ్గరికి పోదామని అమ్మకు చెప్పేస్తానని ధైర్యంగా వంటింట్లోకి వెళ్లేవాడు. అత్తమ్మ మాట్లాడేది కాదు. నోరు తెరిచేది. కింద కుడివైపు, అన్నిటికంటే లోపలి ఖాళీ. ఆయన టీ గ్లాసు పట్టుకుని తిరిగి వచ్చేవాడు.

"అమ్మ ఒద్దంటున్నది గద," అనేవాడు.

ఆ మనిషిని చూస్తే నాకు జాలీ కోపమూ సమానంగా వచ్చేవి. మొగుడు కాదు, దవడ పన్ను అని తిట్టుకునేదాన్ని, మనసులోనే, ఎందుకంటే నోరు తెరుచుకునేది కాదు.

ఒకసారి మాత్రం నేను గట్టిగా పట్టుబడితే, తన ఊళ్లో అయితేనే వస్తానన్న అత్తమ్మతో కలిసి మిర్యాలగూడలో ఒక పళ్ల డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్లాం. కుర్రవాడు. తలుపు తీసి నా ముఖం చూసి నవ్వాడు, కిందికి చూసి నవ్వు ఆపాడు. కుర్చీలో కూర్చోనైనా కూర్చోనివ్వలేదు. డెలివరీ అయ్యాక రండమ్మా, అప్పుడు అన్నీ చూసుకుందాం అని గుమ్మంలోంచే పంపించేశాడు. నా కడుపు తన కుర్చీ మీదే పగులుతుందేమో అన్నట్టు చూశాడు. అత్తమ్మ దారిపొడవునా ఒక్క మాట అనలేదు. గెలిచినవాళ్లకు మాటలెందుకు?

నేను తినడం మానేశాను. మానేశానంటే కోపంతో కాదు, నమల్లేక. జావ, మజ్జిగ, మెత్తగా పిసికిన పెరుగన్నం, అదీ ఎడమవైపు. లేడీ డాక్టరు దగ్గర బరువు చూసినప్పుడు ముల్లు పోయిన నెల ఎక్కడుందో అక్కడే నిలబడింది. పిల్ల పెరగాలంటే నువ్వు తినాలి కదమ్మా అని ఆమె అడిగితే అత్తమ్మ ముందుకొచ్చి, బాగనే తింటున్నదని చెప్పింది. కలకండ లెక్కలో అయితే అది అబద్ధమేం కాదు. ఆ రోజు మొదటిసారి భయం వేసింది నాకు. పన్ను పోతే పోయింది. నేను తినకపోతే లోపలున్నది ఏం తింటుంది?

ఏడో నెలలో కోదాడలో శ్రీమంతం పెట్టారు. ఆ పొద్దున నిద్ర లేచేసరికి నా కుడి చెంప పూరీలా పొంగి ఉంది. అద్దంలో చూసుకుని, ఇక ఈ వేడుక ఆగిపోతుందని సంతోషించాను. అదే నా తెలివితక్కువతనం. పేరంటాళ్లు రావడం రావడమే నన్ను చూసి మురిసిపోయారు. ముఖం ఎంత నిండుగా ఉందో అన్నారు. కళ వచ్చిందన్నారు. మా అమ్మ మెటికలు విరిచి దిష్టి తీసింది. ఇంతలో ఒకావిడ, ఒక్క కుడి చెంపే నిండిందే అని కనిపెట్టింది. కుడి చెంప నిండితే మగపిల్లాడని వాళ్ల ఆడపడుచు విషయంలో నిజమైందట. కాదు, కుడి కాలు ముందు వేస్తేనే మగపిల్లాడు, చెంప నిండటం ఆడపిల్లకే అని ఇంకో వర్గం. స్కానింగుల్లో చెప్పకూడదని చట్టం వచ్చాక మావాళ్లకు ఈ విద్యలో పట్టు మరీ పెరిగింది. నన్ను కుర్చీలోంచి లేపి నడిపించారు, కూర్చోబెట్టారు, చెంపలు పక్కపక్కన పోల్చి చూశారు. నోరు తెరిచి ఇది చీము తల్లులారా అని అరుద్దామంటే పెదవులు వేలెడు కూడా విడివడలేదు.

తర్వాత గంధం. వచ్చినవాళ్లందరూ ఒకరి తర్వాత ఒకరు ఆ చెంపకే రాశారు. నిండుగా ఉన్న చోటే కదా చేయి పోయేది. ఒక్కొక్కరూ రాస్తుంటే నా కళ్లలోంచి నీళ్లు. ఆనందబాష్పాలు అనుకుని వాళ్లూ కళ్లు తుడుచుకున్నారు. ఆ పైన ఒక్కొక్కరి చేతి నుంచీ ఒక్కో మిఠాయి ముక్క. సందు లేని నోట్లోకి లడ్డూ తోసిన ఆ వీరవనితను నేను ఇప్పటికీ బస్సులో చూస్తే, లోపలికి జరగమని ఆమెకే ముందు చెబుతాను.

మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోయింది. గాజులు వేయించుకుంటుంటే చలి పుట్టింది. అప్పుడు లేచాను. పట్టుచీరతో, చెంపకు ఎండిన గంధంతో, చేతినిండా గాజులతో బస్టాండుకు నడిచాను. మా ఆయన వెనకాలే పరుగెత్తుకొచ్చాడు. ఆయన వెనక అత్తమ్మ, ఆమె వెనక, ఇంకో రెండు నెలలు ఓర్చుకోవే అంటూ మా అమ్మ. సూర్యాపేట బస్సెక్కి కూర్చున్నాను. అత్తమ్మ కూడా ఎక్కింది, నన్ను దింపడానికి. దింపే లోపల బస్సు కదిలింది. మా అమ్మ కిందే ఉండిపోయింది. సూర్యాపేట దాకా అత్తమ్మ మాట్లాడుతూనే ఉంది, నేను ఒక్క మాటకూ జవాబు చెప్పలేకపోయాను. నా సర్వీసులో అంత ఏకపక్షంగా నేను ఓడిపోయిన పంచాయితీ ఇంకోటి లేదు. మా ఆయన ఎవరి పక్కనా కూర్చోకుండా డ్రైవరు వెనక నిలబడ్డాడు.

ముందు మా లేడీ డాక్టరు దగ్గరికే వెళ్లాం. ఆమె బిడ్డ గుండె చప్పుడు విని, అది బాగానే ఉందని చెప్పి, నా చెంప చూసి మాత్రం మండిపడింది. చీము పట్టిన పంటిని లోపల ఉంచుకోవడమే ప్రమాదం, తీయించుకోవడం కాదు, ఇంకో పూట కూడా ఆగొద్దు అని, పక్క సందులో పళ్ల దవాఖానకు ఆమే ఫోన్ చేసింది. అత్తమ్మ ఏదో అనబోతే, మిమ్మల్నే చెబుతున్నా అని వేలు చూపించింది.

పళ్ల దవాఖానలో తలుపు తీసుకుని వచ్చిన డాక్టరమ్మను చూసి మేం ముగ్గురం నోట మాట లేక నిలబడ్డాం. నాకెలాగూ లేదు. ఆమెకు నాకంటే పెద్ద కడుపు. ఎనిమిదో నెల దాటి ఉంటుంది. చేత్తో నడుం పట్టుకుని వచ్చి, నన్ను కుర్చీ మీద పడుకోబెట్టి, వెనక్కి వెల్లకిలా కాకుండా ఎడమవైపు కాస్త ఒరిగేలా నడుం కింద దిండు పెట్టింది. అలా పడుకుంటే బిడ్డకు రక్తం సరిగ్గా అందుతుందట. తర్వాత వంగుని చూడబోయింది. ఆమె కడుపు నా భుజానికి తగిలింది. అటు తిరిగింది, నా కడుపు ఆమెకు అడ్డం వచ్చింది. రెండు ట్రాక్టర్లు ఒకే గట్టు మీద ఎదురుపడ్డట్టు కాసేపు అవస్థపడి, చివరికి ఆమె ఎత్తు స్టూలు మీద పక్కగా కూర్చుని నా నోట్లోకి చేరుకుంది.

కడుపుతో ఉన్నప్పుడు చిగుళ్లు వాచి రక్తం రావడం చాలామందికి ఉంటుందని, అప్పుడే మెత్తని బ్రష్షుతో ఇంకా శుభ్రంగా తోముకోవాలని ఆమె చెప్పింది. వాంతయిన వెంటనే మాత్రం తోమకూడదు, కడుపులోని పులుపుకు పళ్లు మెత్తబడి ఉంటాయి, నీళ్లతో పుక్కిలించి కాసేపు ఆగాలి. చెబుతూనే, రోజూ ఏం తింటున్నావని అడిగింది. మా ఆయన కలకండ సంగతి చెప్పాడు. పెళ్లయ్యాక తల్లి ముందు ఆయన సొంతంగా మాట్లాడిన మొదటి వాక్యం అదే. డాక్టరమ్మ ఉసూరుమంది. రోజంతా చక్కెర పెట్టుకుని కూర్చుంటే పన్ను ఏం చేస్తుందమ్మా అంది. వేరు దాకా పుచ్చిందనీ, ఇంతకు నెల ముందు వచ్చినా కాపాడేదాన్నేమోననీ, ఇప్పుడు తీసేయాల్సిందేననీ చెప్పింది.

అత్తమ్మ కుర్చీకి అడ్డంగా వచ్చి నిలబడింది. "పీకద్దు బిడ్డా. అదే ఊడుతది. పిల్ల తింటున్న పన్ను అది," అంది.

"పిల్ల పన్ను తినదు పెద్దమ్మా. తల్లి తిన్న అన్నంల కెళ్లి తీసుకుంటది."

అత్తమ్మ ఆమె కడుపు వైపు చూసింది. "నీకెన్నో కాన్పు?"

"మూడోది."

"ఏదీ, నోరు తెరువు."

మా ఆయన సిగ్గుతో గోడకేసి తిరిగాడు. డాక్టరమ్మ ఒక్క క్షణం చూసి, మాస్కు కిందికి లాగి, నిజంగానే నోరు తెరిచింది. మా అత్తమ్మ నా మీద ఉన్న లైటును చేత్తో పట్టి ఆమె వైపు తిప్పింది. వంగి పై వరస చూసింది. కింది వరస చూసింది. నాలిక ఎత్తమంది. పశువుల సంతలో ఎద్దును బేరం చేసేవాళ్లు కూడా అంత ఓపిగ్గా చూడరు. ఒక్క ఖాళీ లేదు. తెల్లగా, వరసగా, అన్నీ ఉన్నాయి. కుర్చీలో ఒరిగి పడుకున్న నేను, అంత నొప్పిలోనూ, ఇది జీవితంలో ఇంకోసారి దొరికే దృశ్యం కాదని కళ్లు పెద్దవి చేసుకుని చూశాను.

అత్తమ్మ లైటు వదిలేసింది. తర్వాత చాలా మెల్లగా అడిగింది.

"మరి నా పండ్లు ఎవ్వలు తిన్నరు?"

డాక్టరమ్మ లేచి ఆమెను పక్క కుర్చీలో కూర్చోబెట్టి చూసింది. మీకు కడుపుతో ఉన్నప్పుడు చిగుళ్లు వాచి నెత్తురు కారిందా అని అడిగింది. కారిందని అత్తమ్మ తల ఊపింది. బాలింతప్పుడు చల్లనీళ్లు తగలకూడదని తోముకోనిచ్చేవాళ్లు కారు కదా అంటే దానికీ తల ఊపింది. అప్పుడు ఎవరైనా చూసి ఉంటే ఈ పళ్లు ఉండేవని డాక్టరమ్మ చెప్పింది. ఆ తర్వాత అత్తమ్మ నా కుర్చీకి అడ్డం రాలేదు. వెళ్లి బయట బెంచీ మీద కూర్చుంది.

పన్ను తీయడం సూది మందు ఎక్కేంతసేపు కూడా పట్టలేదు. నొప్పి తెలియలేదు. అయినా ఏడ్చాను. ట్రేలో పడున్న ఆ పన్నును చూసి ఏడ్చాను. ముప్పై ఏళ్లు కూడా నిండకుండా నా దవడ పన్ను పోయింది, ఊరికే పోయింది, ఎవరికీ అక్కర రాకుండా పోయింది. ఆ ఏడుపులో కోపమే ఎక్కువ. మా ఆయన నా చెయ్యి పట్టుకుంటే విదిలించాను. కొంచెంసేపయ్యాక మళ్లీ నేనే పట్టుకున్నాను.

పదిరోజులకు కుడివైపు కూడా నమిలాను. నాటుకోడి కూర. బొమికలతో సహా.

ఆ రెండు నెలలూ అత్తమ్మ మిర్యాలగూడ పోలేదు. స్టీలు డబ్బాలో కలకండ చీమల పాలైంది, మళ్లీ నింపలేదు. పొద్దున రాత్రి నేను తోముకుంటుంటే పక్కన నిలబడి, మెల్లగ, మెల్లగ, అని కాపలా కాసేది. దానికంటే నోరు తెరిచి ఖాళీలు చూపించే పాత అత్తమ్మే నయం అనిపించేది ఒక్కోసారి. డాక్టరమ్మ మెత్తని బ్రష్షు అన్నదని షాపులో బ్రష్షులన్నీ తన చెంపకు రాసి చూసుకుని కొన్నదట, షాపువాడు మా ఆయనకు ఫోన్ చేసి మరీ మొరపెట్టుకున్నాడు. నీళ్లాడాక పచ్చిబాలింత తోముకోకూడదని మా అమ్మ కోదాడ నుంచి పాత పాట ఎత్తుకుంది. అత్తమ్మ ఆమెతో వాదన పెట్టుకోలేదు. గోరువెచ్చని నీళ్లూ బ్రష్షూ తెచ్చి మంచం పక్కన పెట్టింది.

ఆడపిల్ల పుట్టింది. కుడి చెంప వర్గం వాళ్లు చాలారోజులు ముఖం చాటేశారు. బరువు బాగానే ఉందని డాక్టరు చెప్పేదాకా నేను ఊపిరి బిగబట్టే ఉన్నాను.

తొట్టెల వేసిన రోజు అత్తమ్మ కొడుకులూ కూతురూ అందరూ సూర్యాపేట వచ్చారు. రెండు గదుల ఇంట్లో కాలు పెట్టే సందు లేదు. చుట్టాల్లో ఒక ముసలావిడ నేను నవ్వినప్పుడు కుడి దవడలో ఖాళీ చూసింది. చూసి, తొట్టెలలోకి వంగి, మీ అమ్మ పన్ను తిని పుట్టినవా అని మా పిల్ల బుగ్గ గిల్లింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను నోరు తెరిచే లోపలే తొట్టెల ఊపుతున్న అత్తమ్మ అంది.

"పిల్ల ఏం తినలే. నేను పెట్టిన కలకండ తిన్నది ఆ పన్నును."

వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడో ఏమో, మా పెద్ద బావగారు నవ్వుతూ, మరి మేం తిన్న పండ్లో అమ్మా అన్నాడు. ఆయనకు అలవాటైన జవాబు నోరు తెరిచి చూపించడం. దానికే సిద్ధపడి తల కూడా వంచాడు. అత్తమ్మ నోరు తెరవలేదు.

"మీరు గుడ తినలే రా. చిగుర్లు వాసి నెత్తురు గారితె కడుపుతోని ఉన్నదానికి గంతే అన్నరు. నన్ను ఎవ్వలు తీస్కపోలే."

మా పెద్ద బావగారి నవ్వు పోయింది. ఇన్నేళ్లుగా తల్లి నోట్లో తన ఖాళీని చూస్తూ పెరిగిన మనిషి, ఆ రోజు అడిగాడు.

"నొప్పి లేసిందా అమ్మా అప్పుడు?"

"లేవకుంట ఊడుతదా రా," అంది ఆమె, తొట్టెల ఆపకుండానే.

వంటలు చల్లారిపోతున్నాయని ఎవరో పిలిచారు. మా ఆయన వెళ్లి తల్లి పక్కన నేల మీద కూర్చున్నాడు. తోబుట్టువులు ముగ్గురూ కూడా కదల్లేదు. భోజనాలకు ఎవ్వరూ లేవలేదు.